ఊరూరి పన్నులు – ఒక న్యాయవాది వృత్తి

న్యూయార్కు నగరములోని ఒక దుకాణమున 120 డాలర్లు పెట్టి చలికోటు కొన్న మనిషి బిల్లు తీసి చూచుకొన్నచో, వెల క్రింద నూటికి 8.875 వంతున అమ్మకపు పన్ను చేరియుండును. అందులో 4 వంతులు రాష్ట్రమునకు, 4.5 వంతులు నగరమునకు, మిగిలిన 0.375 ఆ ప్రాంతపు రైళ్ళకును బస్సులకును నిధులు సమకూర్చు రవాణా మండలమునకు చెందును. అదే కోటు వెల 110 డాలర్లకు లోపుగా ఉండినచో ఈ మూటిలో ఒక్కటియు పడదు. హడ్సన్ నది దాటి న్యూజెర్సీలో కొన్నచో, వెల యెంతయైనను, మామూలు దుస్తులపై అమ్మకపు పన్నే లేదు. పడమటి తీరమునందలి ఆరెగాన్‌లోనైతే ఏ వస్తువుపైనను రాష్ట్రమంతటికి వర్తించు అమ్మకపు పన్ను లేదు. అమెరికా కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి ఒక్కటే అమ్మకపు పన్ను ఏర్పరుపకపోవుటచేత, 45 రాష్ట్రములును, వాని క్రిందనున్న నగరములును, కౌంటీలును, ప్రత్యేక మండలములును కలిసి పదివేలకు పైబడిన పాలనాక్షేత్రములు తమ తమ రేట్లతో, తమ తమ మినహాయింపులతో ఈ పన్నును వసూలు చేయుచున్నవి. రాష్ట్రములు వేయు ఆదాయపు పన్నులు, కంపెనీల పన్నులు, ఇండ్లపైనను భూములపైనను స్థానిక సంస్థలు వేయు ఆస్తిపన్నులు ఇవిగాక వేరుగా నున్నవి.

ఇన్ని పన్నుల నడుమ ఏది ఎవరికి చెల్లును, ఎంత చెల్లును, అసలు అడుగుటకు ఆ ప్రభుత్వమునకు అధికారము కలదా అను ప్రశ్నలపైననే జీవితమంతయు శ్రమించు న్యాయవాదులు ఆ దేశమున ఒక ప్రత్యేక వర్గముగా ఏర్పడినారు. వీరి పేర్లు పత్రికల మొదటి పుటలకు ఎక్కుట అరుదు. వీరి వాదములను వినుటకు జనము కోర్టులో క్రిక్కిరిసి నిలువరు. అయినను, ఒక దేశపు రాజ్యాంగమునకును కిరాణాకొట్టు బిల్లునకును గల చుట్టరికమును ఇంత దగ్గరగా చూచు న్యాయవాది వేరొకడు లేడని నా దృఢమైన నమ్మకము. మేరీలాండ్ రాష్ట్రము కేంద్రము నెలకొల్పిన బ్యాంకుపై పన్ను విధింపగా, పన్ను వేయు అధికారమునందు నాశనము చేయు శక్తి ఇమిడియున్నదని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ 1819లో చెప్పి, ఆ పన్నును త్రోసిపుచ్చెను. ఆ శక్తికి హద్దులేవి అను విచారము నాడు మొదలై, రెండు శతాబ్దములు గడచినను, నేటికిని ముగియలేదు.

ఈ వృత్తిలోనికి వచ్చు మార్గము సూటిగా నుండదు. డిగ్రీ పుచ్చుకొన్న పిమ్మట మూడేండ్లు న్యాయకళాశాలలో చదువవలెను. అచ్చట పన్నుల పాఠమనగా ముఖ్యముగా కేంద్రపు ఆదాయపు పన్ను పాఠమే. రాష్ట్రముల పన్నులకు ప్రత్యేకించిన తరగతి ఉన్నచోటను అది ఐచ్ఛికము. కొందరు న్యూయార్కు విశ్వవిద్యాలయమునందో, జార్జ్‌టౌన్‌లోనో, ఫ్లోరిడాలోనో మరియొక యేడాది చదివి పన్నుల న్యాయమున ఎల్‌ఎల్‌.ఎం. పట్టము సంపాదింతురు. తరువాత రాష్ట్ర రెవెన్యూ శాఖలో గాని, పెద్ద అకౌంటింగు సంస్థలలో గాని, న్యాయవాదుల సంస్థలలో గాని, పెద్ద కంపెనీల పన్నుల విభాగములలో గాని చేరుదురు. ప్రభుత్వపక్షమున కొన్నేండ్లు పనిచేసి, పిదప పన్ను చెల్లించువారి పక్షమునకు వచ్చినవానికి ఉభయుల ఆలోచనా సరళియు ఎఱుకలో నుండుటచేత విలువ హెచ్చు. జెరోమ్ హెల్లర్‌స్టీన్ ప్రారంభింపగా ఆయన కుమారుడు వాల్టర్ హెల్లర్‌స్టీన్ కొనసాగించిన రాష్ట్ర పన్నుల బృహద్గ్రంథము వీరందరి బల్లలపైనను ఉండును. న్యాయస్థానములు సైతము దానిని ప్రమాణముగా ఉదాహరించుట కలదు. ఇంకొక చిక్కు చెప్పవలెను. అక్కడ న్యాయవాదికి లైసెన్సు నిచ్చునది రాష్ట్రమేగాని దేశము కాదు. ఇరువది రాష్ట్రములలో వ్యాపారము చేయు కక్షిదారునికి సలహా చెప్పు న్యాయవాది, తనకు లైసెన్సు లేని రాష్ట్రపు కోర్టులో వాదింపవలసినచో, అక్కడి న్యాయవాదిని తోడు తెచ్చుకొని, ఆ కేసు మట్టుకు ప్రత్యేకానుమతి పొందవలసియుండును.

పని మొదలగునది కోర్టులో కాదు. రెవెన్యూ శాఖనుండి ఒక ఉత్తరము వచ్చును: మీ లెక్కలు తనిఖీ చేయదలచినాము, ఫలానా సంవత్సరముల రికార్డులు సిద్ధముగా నుంచుడు అని. పెద్ద వ్యాపారములో మూడేండ్ల ఇన్వాయిసులన్నియు చదువుట ఏ ఆడిటరుకును సాధ్యము గాదు గనుక, కొన్ని నెలలను నమూనాగా తీసికొని, వానిలో కనబడిన లోపమును మొత్తము కాలమునకు విస్తరింపజేయుదురు. మూడు నెలలలో వెయ్యి డాలర్ల పన్ను తప్పినట్లు తేలినచో, ముప్పదియారు నెలలకు పండ్రెండు వేలు తప్పినట్లు లెక్క కట్టుదురు. న్యాయవాది మొదటి పోరాటము ఇక్కడనే. ఆ మూడు నెలలలో కంపెనీ పదేండ్లకొక్కసారి కొను పెద్ద యంత్రమును కొనియుండినచో, ఆ నమూనా లెక్క ప్రకారము కంపెనీ ప్రతి మూడు నెలలకు నొక్కొక్క యంత్రము కొన్నట్లగును. ఈ సంగతి చట్టగ్రంథములో దొరకదు. ఇన్వాయిసుల పెట్టెల ముందు గుమాస్తాతో పాటు కూర్చుండి, ఒక్కొక్క కాగితమును చదివినవానికే దొరకును.

పెక్కు రాష్ట్రములలో సరుకు తయారుచేయు యంత్రములపై అమ్మకపు పన్ను లేదు. అయితే తయారీ యనునది ఎచ్చట మొదలై ఎచ్చట ముగియును? లారీనుండి ముడిసరుకును దించు యంత్రము తయారీలో భాగమా? ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు వస్తువును మోయు బెల్టు మాటేమి? తయారైన వస్తువును డబ్బాలో పెట్టు యంత్రమో? ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క సమాధానము చెప్పును. ఈ వాదము చేయదలచిన న్యాయవాది ఫ్యాక్టరీకి పోయి, తలకు టోపీ పెట్టుకొని, ముడిసరుకు దిగు గుమ్మమునుండి లారీకెక్కు గుమ్మము వరకు నడిచి, ప్రతి యంత్రమును నడుపు మనిషితో మాటలాడి తెలిసికొనవలెను. ఆ నడక నడవనివాడు ఎంత గొప్ప వక్తయైనను ఈ వృత్తిలో రాణింపలేడు.

వస్తువులకు హద్దులు గీయుటలో గల చిక్కు ఇంకను విచిత్రమైనది. పలు రాష్ట్రములు ఉమ్మడిగా అంగీకరించిన నిర్వచనము ప్రకారము పిండి కలిసిన తీపిపదార్థము మిఠాయి క్రిందికి రాదు. పిండి లేనిది మిఠాయి. కావుననే గోధుమపిండి బిస్కత్తు గల కిట్‌క్యాట్ ఆహారముగా మినహాయింపు పొందుచుండగా, ఒట్టి చాక్లెట్ దిమ్మకు పన్ను పడును. 2018 నాటి ఒక ప్రసిద్ధమైన తీర్పులో భిన్నాభిప్రాయము వ్రాయుచు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఇట్టివే మరికొన్ని చూపెను: ఇలినాయ్‌లో ట్విక్స్‌పై ఒక రేటు, స్నికర్స్‌పై వేరొక రేటు; న్యూజెర్సీలో స్వెటరు అల్లుటకు కొన్న నూలునకు పన్ను లేదు, కళాఖండము చేయుటకు కొన్న నూలునకు కలదు. వీనిని విని నవ్వువారు పెక్కుమంది యుందురు. నేను నవ్వలేను. బీదవాని అన్నముపై పన్ను వేయరాదను సదుద్దేశముతో శాసనసభ ఆహారమునకు మినహాయింపు నిచ్చినపుడు, ఆహారమేదో చెప్పక తీరదు గదా. దయకు సైతము నిర్వచనము కావలసివచ్చుటయే శాసనమునకు గల బాధ. ఆ నిర్వచనపు కొసలమీదనే ఈ న్యాయవాది జీవితము గడచును.

ఇక రాజ్యాంగపు ప్రశ్న. రాష్ట్రముల నడుమ వాణిజ్యమును శాసించు అధికారము రాజ్యాంగము కేంద్ర శాసనసభ కిచ్చినది గనుక, ఆ వాణిజ్యమునకు అడ్డువచ్చు పన్నును ఏ రాష్ట్రమును వేయరాదని న్యాయస్థానములు చిరకాలముగా చెప్పుచున్నవి. మిస్సిసిపీలో రైలునుండి దిగిన కొత్త కార్లను డీలర్లకు చేర్చు రవాణా కంపెనీ ఒకటి తెచ్చిన దావాలో, 1977లో సుప్రీంకోర్టు నేటికిని నిలిచియున్న నాలుగు నియమములను ఏర్పరచెను. పన్ను వేయు రాష్ట్రముతో ఆ వ్యాపారమునకు తగిన సంబంధముండవలెను. పన్ను న్యాయముగా విభజింపబడవలెను. పొరుగు రాష్ట్రపు వ్యాపారిపట్ల వివక్ష యుండరాదు. రాష్ట్రము చేయు మేలునకును పన్నునకును పొందిక యుండవలెను. వినుటకు తేలికగా తోచు ఈ నాలుగు మాటలలో మొదటిదానికై ఐదు దశాబ్దములు పోరాటము సాగినది.

1967లో ఇలినాయ్ రాష్ట్రమునకును తపాలా ద్వారా సరుకులమ్ము ఒక కంపెనీకిని జరిగిన దావాలోను, 1992లో నార్త్ డకోటాకును క్విల్ అను కాగితములు, కలములు అమ్ము కంపెనీకిని జరిగిన దావాలోను, రాష్ట్రములో దుకాణము గాని, గోదాము గాని, ఉద్యోగి గాని లేని వ్యాపారిచేత అమ్మకపు పన్ను వసూలు చేయింపరాదని సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఆ రెండవ తీర్పు వచ్చిన కొలది సంవత్సరములకే ఇంటర్నెట్టు అంగళ్ళు పుట్టినవి. ఊరి నడుమ అద్దె కట్టి, దీపము పెట్టి, పన్ను వసూలుచేసి అమ్ము దుకాణదారుడు చూచుచుండగనే, ఆ పన్ను వసూలు చేయనక్కరలేని దూరపు వ్యాపారి అదే వస్తువును చవుకగా ఇంటికి పంపసాగెను. 2015లో కొలరాడోకు సంబంధించిన ఒక దావాలో న్యాయమూర్తి ఆంథొనీ కెన్నెడీ, ఈ నియమమును పునఃపరిశీలింపదగిన దావా యొకటి రావలెనని ప్రత్యేకముగా వ్రాసెను. రాష్ట్రముల న్యాయవాదులు ఆ మాటను అందిపుచ్చుకొనిరి. ఆదాయపు పన్ను లేనందున అమ్మకపు పన్నుమీదనే ఎక్కువగా ఆధారపడు సౌత్ డకోటా, మరుసటి యేడు ఒక చట్టము చేసెను: ఏడాదిలో లక్ష డాలర్లకు మించిన అమ్మకము గాని, 200 లావాదేవీలు గాని ఆ రాష్ట్రములో జరిపినవాడు, అచ్చట అడుగు పెట్టకపోయినను, పన్ను వసూలుచేసి కట్టవలెను. రాష్ట్ర అటార్నీ జనరల్ మార్టీ జాక్లీ స్వయముగా వాదింపగా, 2018 జూన్ 21న వేఫెయిర్ అను ఇంటర్నెట్టు అంగడిపై నడచిన కేసులో 5–4 ఆధిక్యముతో, కెన్నెడీ తీర్పు వ్రాయగా, పాత నియమము రద్దయినది. ఒక చిన్న రాష్ట్రపు శాసనసభలో, సుప్రీంకోర్టును మనస్సులో నుంచుకొని, ఒక్కొక్క పదమును తూచి చట్టము రచించిన న్యాయవాదుల పనితనమును నేను మనసార మెచ్చుకొందును.

కంపెనీల ఆదాయపు పన్నునకు వేరొక కథ కలదు. 1959లో కేంద్ర శాసనసభ ఒక చట్టము చేసి, ఒక రాష్ట్రములో సరుకుల ఆర్డర్లు అడుగుట తప్ప వేరు పని చేయని కంపెనీపై ఆ రాష్ట్రము ఆదాయపు పన్ను వేయరాదనెను. రిగ్లీ అను చూయింగుగమ్ కంపెనీ విస్కాన్సిన్‌లో ఇట్లే ఆర్డర్లు మాత్రమే అడుగుచున్నానని వాదించినది. కాని దాని సేల్స్‌మెన్ దుకాణములకు పోయినపుడు, పాతబడిన గమ్మును తీసి కొత్తది పెట్టుచుండిరి. ఖాళీగా నున్న అరలను తమ కారులోని పెట్టెలనుండి నింపి, దుకాణదారునికి బిల్లు వ్రాయుచుండిరి. ఇట్లు అమ్మిన సరుకు ఏడాదికి కొన్ని వందల డాలర్లకు మించదు. అయినను ఈ పనులు ఆర్డరు అడుగుటలో భాగము కావని 1992లో సుప్రీంకోర్టు చెప్పి, కంపెనీ విస్కాన్సిన్‌కు పన్ను కట్టవలసినదేనని నిర్ణయించెను. వివాదములోని సంవత్సరములు 1973 మొదలు 1978 వరకు. ఒక కారు డిక్కీలోని గమ్ము పెట్టెల విషయము దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు చేరి తేలుటకు దాదాపు ఇరువదేండ్లు పట్టినది. యౌవనమున చేపట్టిన కేసును తల నెరిసిన పిదప ముగించు ఓర్పు లేనివాడు ఈ దారి పట్టరాదు.

కంపెనీ లాభమును రాష్ట్రములు పంచుకొనుట కొకప్పుడు ఆస్తి, జీతములు, అమ్మకములు అను మూడింటి నిష్పత్తిని వాడుచుండిరి. నేడు పెక్కు రాష్ట్రములు అమ్మకములనే లెక్కలోనికి తీసికొనుచున్నవి. అట్లు చేయుట తప్పు కాదని 1978లో అయోవాకు సంబంధించిన దావాలో సుప్రీంకోర్టు చెప్పినది. సూత్రము రాష్ట్రమున కొకటైనపుడు ఒకే లాభములో కొంత భాగము రెండుచోట్ల పన్నునకు లోనగును, లేదా ఎచ్చటను లోనుగాక తప్పించుకొనును.

మనుష్యుల విషయమున హద్దులు గీయుట మరింత సున్నితమైన పని. న్యూయార్కును వదలి ఆదాయపు పన్ను లేని టెక్సస్‌కో ఫ్లోరిడాకో పోయితినని చెప్పు ధనవంతుని మాట నమ్ముటకు ముందు, న్యూయార్కు ఆడిటర్లు అతని ఇల్లు, వ్యాపారము, గడిపిన రోజులు, కుటుంబము, ప్రాణప్రదమైన వస్తువులు ఎచ్చట నున్నవో విచారింతురు. 2017లో ఒక కేసులో ఉద్యోగరీత్యా డాలస్‌కు పోయినవాడు తన పెంపుడు కుక్కను అక్కడికి తరలించిన సమయమునే, అతని మనస్సు నిజముగా కదలిన సమయముగా పరిపాలనా న్యాయమూర్తి గ్రహించెను. మనవారికి సంబంధించిన చిక్కు ఇందులోనే యొకటి కలదు. న్యూజెర్సీలోని ఎడిసన్ ప్రాంతమున కాపురముండి మన్‌హాటన్ కంపెనీలలో పనిచేయు తెలుగు ఉద్యోగులు, ఇంటినుండి పనిచేసిన దినములకు సైతము, అది యజమాని అవసరముచేత గాక తమ సౌకర్యార్థమైనచో, న్యూయార్కుకే ఆదాయపు పన్ను కట్టవలసివచ్చుచున్నది; దానికి న్యూజెర్సీ తన పన్నులో మినహాయింపు ఇచ్చి తన రాబడిని కోలుపోవుచున్నది. 2023లో న్యూజెర్సీ ఒక చట్టము చేసి, అట్టి నియమము గల రాష్ట్రములవారిపై తానును అదే నియమమును ప్రయోగించుటయే గాక, పొరుగు రాష్ట్రపు పన్నును సవాలు చేసి గెలిచిన తన నివాసికి ప్రోత్సాహకము నిచ్చుటకు పూనుకొన్నది.

ఆస్తిపన్ను సంగతి సామాన్యునికి అన్నిటికంటె దగ్గర. టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేదని సంతోషించి ఫ్రిస్కోలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబమునకు ఏటేట వచ్చు విలువ నోటీసు ఆ సంతోషమును కొంత తగ్గించును. ఆ విలువ హెచ్చని తోచినచో సాధారణముగా మే 15 లోపుగా ఆక్షేపణ దాఖలు చేయవలెను; న్యూజెర్సీలో గడువు సాధారణముగా ఏప్రిల్ 1. ఇంటివాడు పొరుగిండ్ల అమ్మకపు ధరలు, పైకప్పు లోపముల ఛాయాచిత్రములు పట్టుకొని స్వయముగా పోయి చెప్పుకొనవచ్చును. న్యాయవాది యవసరము పెద్ద భవనములకును, మిల్లులకును, అంగళ్ళకును వచ్చును. ఇచ్చట ధర్మసంకటమొకటి కలదు. మిషిగన్, విస్కాన్సిన్, ఇండియానా రాష్ట్రములలో పెద్ద పెద్ద అంగళ్ళు, నిండుగా వ్యాపారము సాగుచున్న తమ భవనమును మూతపడిన ఖాళీ భవనముల ధరతో పోల్చి విలువ కట్టవలెనని వాదించుచున్నవి. ఈ వాదము గెలిచినచోట ఆ ఊరి బడికి, గ్రంథాలయమునకు వచ్చు సొమ్ము తగ్గి, ఆ భారము చిన్న ఇండ్లవారిపై పడును. కక్షిదారుని పక్షమున వాదించుట న్యాయవాది ధర్మమే; అయినను ఈ వాదము నా మనస్సునకు ఎక్కదు. నడుచుచున్న అంగడికి విలువ నిచ్చినవి ఆ ఊరి రోడ్లును, ఆ ఊరి పోలీసులును గదా.

దీనికి ప్రతిగా, ప్రభుత్వము హద్దు మీరిన ఉదాహరణమును చెప్పకుండుట న్యాయము కాదు. మినెసోటాలోని హెన్నెపిన్ కౌంటీలో ఒక వృద్ధురాలు తన ఫ్లాటుపై సుమారు 2,300 డాలర్ల పన్ను కట్టలేకపోయెను. వడ్డీలు, జరిమానాలు కలిసి బాకీ 15,000 అయినది. కౌంటీ ఆ ఫ్లాటును 40,000 డాలర్లకు అమ్మి, బాకీ పోను మిగిలిన 25,000 సైతము తానే ఉంచుకొన్నది. కేసు సుప్రీంకోర్టుకు వచ్చునప్పటికి ఆమె వయస్సు 94. బాకీకి మించి తీసికొనుట పన్ను వసూలు కాదు, ప్రతిఫలము లేకుండ ఆస్తిని లాగికొనుటయే అని 2023 మే నెలలో న్యాయమూర్తులందరును ఏకగ్రీవముగా చెప్పిరి.

ఈ విద్య అమెరికాకే పరిమితమని తలపరాదు. న్యూ ఆర్లీన్స్ నగరము ఒక టెలిఫోను కంపెనీ వాడు సాఫ్ట్‌వేరుపై స్థానిక పన్ను వేయగా, సాఫ్ట్‌వేరు చేతికి చిక్కని జ్ఞానము మాత్రమే కాదు, పన్నునకు లోబడు వస్తువేనని లూసియానా సుప్రీంకోర్టు 1994లో తీర్పు చెప్పినది. పదేండ్ల తరువాత, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును జరిగిన దావాలో, దుకాణములో అమ్ము సీడీలోని సాఫ్ట్‌వేరు 1957 నాటి ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టము క్రింద సరుకగునా అను ప్రశ్న వచ్చినపుడు, మన సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును విపులముగా పరిశీలించి, 2004 నవంబరులో సరుకేయని నిర్ణయించినది. మిస్సిసిపీ నదీతీరపు నగరపాలక సంస్థ న్యాయవాదులు చేసిన వాదము హైదరాబాదు పన్నుల కార్యాలయమునకు అక్కరకు వచ్చినది.

ఇప్పుడు ఆ సీడీయే మాయమైనది. సాఫ్ట్‌వేరును నెలవారీ చందాకు దూరమునుండియే వాడుకొనుచున్నారు. న్యూయార్కు దానిపై పూర్తిగా పన్ను వేయుచున్నది. టెక్సస్ దానిని డేటా సేవగా నెంచి నూటికి 80 వంతులపై వేయుచున్నది. కాలిఫోర్నియా వేయుట లేదు. హైదరాబాదులో కూర్చుండి అమెరికా కక్షిదారులకు చందాలమ్ము చిన్న కంపెనీలు సాధారణముగా మరచు సంగతి యిది: భారత–అమెరికా పన్నుల ఒడంబడిక అమెరికా పక్షమున కేంద్రపు పన్నులకే గాని రాష్ట్రముల పన్నులకు వర్తింపదు. తమ సేవపై పన్ను గల రాష్ట్రములో అమ్మకము పరిమితి దాటినచో, అక్కడ ఆఫీసు లేకపోయినను, రిజిస్టరు చేసికొని పన్ను కట్టవలసినదే. తెలియక కొన్నేండ్లు గడచిపోయినచో, న్యాయవాది ద్వారా తామే ముందుగా పోయి చెప్పుకొన్నవారికి చాల రాష్ట్రములు జరిమానా మాఫీచేసి, మూడు నాలుగేండ్ల బాకీతో సరిపెట్టుకొనును. రెవెన్యూ శాఖ ఉత్తరము అంతకు ముందే చేరియుండినచో, ఆ సౌకర్యము సాధారణముగా దొరకదు.